చిక్కటి పాలచక్కెరలో చివరి ఎంజైమ్

మా ప్రాజెక్టు చెప్పడానికి చిన్నదే. పెరుగులోంచి తీసి పెంచిన బాక్టీరియాలో ఒక ఎంజైమ్ ఉంటుంది. దాన్ని పాలచక్కెర ద్రావణంలో కలిపితే, మన పేగుల్లోని మంచి బాక్టీరియాకు మేతయ్యే పొడుగాటి చక్కెరలు తయారు కావాలి. శేరిగూడలోని మా కాలేజీ ల్యాబ్‌లో మూడుసార్లు చేశాం. మూడుసార్లూ పాలచక్కెర రెండు ముక్కలై ఊరుకుంది. ఇక సీసాలో ఒక్కసారికి సరిపడా ఎంజైమే మిగిలింది. ఇదీ పోతే టాపిక్ మార్చేస్తానని మేడం చెప్పేసింది.

తప్పెక్కడో నాకు రెండు వారాల ముందే తెలుసు. లైబ్రరీలో చదివాను. ద్రావణం పలుచగా ఉంటే ఎంజైమ్ చక్కెరను తెంచి వదిలేస్తుంది. చిక్కగా ఉంటే తెంచిన ముక్కను పక్కనున్న చక్కెరకు అతికిస్తుంది. డైరీలో రాసి, కింద గీత కూడా గీశాను. నోరు విప్పి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు పొద్దున డైరీని నా ప్రాజెక్టు జోడీ ముందుకు జరిపాను. ఆమెది యాచారం, ఇంట్లో బర్రెలున్నాయి. చదివి నెత్తి కొట్టుకుంది.

"ఓ పిల్లా, ఇన్నొద్దులు గిది కడుపుల వెట్టుకొని కూసున్నవా? మా బాపు పాలల్ల గిన్ని నీళ్లు గలిపితె పాలకేంద్రమోళ్లు క్యాను బయటికి ఇసిరేస్తరు!"

అంత చక్కెర చల్లటి నీళ్లలో కరగదు. పాకం పట్టినట్టు కాచాం. కరగగానే ఆమె సీసా అందుకొని వంచబోయింది. బీకరు ఇంకా పొగలు కక్కుతోంది.

"ఆగు! సచ్చిపోతది!"

ఆ కేక నాదే. అటెండెన్సుకు కూడా సరిగా పలకని నాది. అటెండర్ అక్క చీపురుతోనే ఉరికొచ్చింది.

"ఎవలు? ఎవలు సచ్చిపోతరు?"

"ఎంజైమ్, అక్కా. ఈ వేడికి."

"థూ, జరైతె గుండె ఆగిపోతుండె గదనే!"

నా జోడీ నవ్వు ఆపుకోలేక కింద కూర్చుండిపోయింది. ద్రావణం గోరువెచ్చగా అయ్యాకే ఎంజైమ్ పోశాం.

సాయంత్రం ఆ ద్రావణం చుక్కను చక్కెరల్ని విడదీసే పలక మీద ఎక్కించి, మందు చల్లి వేడి చేశాం. చక్కెర ఎంత పొడుగైతే దాని మీద అంత కిందే ఆగిపోతుంది. పాలచక్కెర చుక్క కింద, ఎప్పుడూ ఖాళీగా ఉండే చోట, ఒక నల్ల చుక్క. దాని కింద ఇంకోటి! ఎంజైమ్ కలపని వరుసలో అవి లేవు. చేతులు పట్టుకొని గిరగిరా తిరిగాం. నా చున్నీ స్టూలుకు చిక్కి, స్టూలూ మాతో తిరిగింది.

మేడం పలకను వెలుతురులో పెట్టి చూసింది. "మంచిగొచ్చింది. ఇంకోసారి వస్తేనే నమ్ముతా. ఎంజైమ్ ఉందా?"

సీసా ఖాళీ. నా జోడీ నోరు తెరిచేలోపే, "బాక్టీరియాను నేను పెంచుతా మేడం, రేపటి నుంచే," అన్నాను.

"సరే. టాపిక్ అదే ఉండనియ్యండి."

ఇబ్రహీంపట్నం బస్సులో నిలబడే వచ్చాను. ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు.