మోకు పేనినవాడు ముందు ఎక్కాలి

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున రుద్రంగి నుంచి ఫోను. మా పెద్దబాపు పోయాడు. మా నాన్నకు అన్న, తాళ్ళెక్కి కల్లు గీసే మనిషి. డాక్టరు గుండె ఆగిందన్నాడు. గల్ఫ్ జైల్లో గడిపిన నాలుగు నెలల మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

చెట్టుకూ నడుముకూ చుట్టుకుని ఎక్కే మోకును ఆయనే పేనేవాడు. ఊళ్ళో మిగతావాళ్ళకూ పేని ఇచ్చేవాడు. అయితే ఇచ్చేముందు ఆ కొత్త మోకుతో తానే ఒక తాడిచెట్టు ఎక్కి దిగాల్సిందే. చిన్నప్పుడు నేను నవ్వితే కసిరాడు.

"పేనినోడు కిందుంటడు, ఎక్కినోడు పైనుంటడు. తెగితే పడేదెవడు బిడ్డా? అందుకే ముందుగాల నేనెక్కాలె."

చెట్లు తగ్గాక కూలికి గల్ఫ్ పోయాడు. అక్కడ పోలీసులు రోడ్డు మీద ఆపి వేలిముద్ర తీసుకున్నారు. ఇరవై ఏళ్ళు మోకూ బెరడూ రాసుకుని ఆయన వేళ్ళ మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. మిషన్ ఆయన్ని ఇంకెవరో దొంగ అని తేల్చింది. అసలు దొంగ దొరికాక, తప్పయిందని ఒక్క మాటైనా అనకుండా విమానం ఎక్కించారు.

ఆ మిషన్‌లో సాఫ్ట్‌వేర్ మా కంపెనీది. హైదరాబాదులో దాన్ని పరీక్షించింది నేనే. అరిగిన వేళ్ళ దగ్గర తప్పు చూపుతోందని రాసిచ్చాను కూడా. "అమ్మడం వరకే మన పని. ఎట్ల వాడుకుంటరన్నది ఆ దేశం పోలీసుల ఇష్టం" అన్నాడు మా మేనేజర్. ఆ వాక్యం తీసేసి మళ్ళీ రాయమన్నాడు. రాశాను, సంతకం పెట్టాను. ప్రమోషన్ దగ్గర్లో ఉంది మరి. అందరం కలిసి చేతులు దులుపుకున్నాం.

ఆయన తిరిగొచ్చాక కోరుట్ల ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళాను. వరండాలో బెంచీ మీద అంతా చెప్పేశాను. ఆయన తన వేళ్ళ కొసలు చూసుకున్నాడు.

"నువ్వు ఎక్కి సూడలేదా బిడ్డా?"

"చూశాను పెద్దబాపూ. తెగుతదని తెలిసే ఇచ్చాం."

"ఇంకెన్ని దేశాలకు అమ్మిన్రు?"

"మూడు."

"గాళ్ళకన్న జెప్పున్రి."

తిట్టినా బాగుండేది. ఆ తర్వాత కూడా ఎండాకాలం వెళితే నాకిష్టమని ముంజలు తెచ్చి, ఒక్కొక్కటే ఒలిచి పెట్టేవాడు. సిగ్గు లేకుండా తినేదాన్ని. ఆ మూడు దేశాలకు మాత్రం ఈ రోజుకీ ఎవరూ చెప్పలేదు. నా ఉద్యోగం నాకుంది.

దినాల నాడు విస్తరి ముందు ఊరికే కూర్చున్నానని పెద్దమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"పెద్ద కంపినీల జేస్తవు గద బిడ్డా. గా మిషిన్ జేసినోళ్ళు ఎవలో జర కనుక్కో. మీ పెద్దబాపును ఎన్నిసార్లడిగినా నాకేం ఎరుక అనేటోడు. గాళ్ళు నా కండ్ల వడితే ఒక్క మాట అడుగుత."

ఆయన ఆమెకు కూడా చెప్పలేదని నాకప్పుడే తెలిసింది.

"కనుక్కుంట పెద్దమ్మా" అన్నాను.

పెద్దమ్మ అన్నం కలిపి, ముద్ద చేసి నా నోటి దగ్గర పెట్టింది. నోరు తెరిచాను.