సమానంగా పంచిన డిస్కు

తిథులు లెక్కకట్టే ప్రోగ్రాం ఒకటి సొంతంగా నేర్చుకుని రాసుకున్నాను. అది పాత విండోస్‌లో తప్ప నడవదు. నాన్న సంవత్సరీకం తిథి దాంట్లోనే చూడాలని, కొత్త ల్యాప్‌టాప్‌లో పాత విండోస్ ఎక్కించడానికి కూర్చున్నాను.

"గోడమీద క్యాలెండర్లో చూస్తే అయిపోయేదానికి ఇంత పని ఎందుకప్పా?" అంది నా భార్య.

కొన్న రోజే దాని డిస్కును సరిగ్గా రెండు సమాన భాగాలు చేసి ఉంచాను. ఒకదానిలో దాంతో వచ్చిన కొత్త విండోస్, రెండోదానిలో నాన్న గొంతు. గనిలోకి మొదటిసారి దిగిన రోజు గురించి ఆయన చెప్పిన నలభై నిమిషాల రికార్డింగు. వేరే కాపీ లేదు. పాత విండోస్ ఎక్కించేటప్పుడు తెరమీద పేర్లు రాలేదు, సైజులే వచ్చాయి. రెండూ ఒకటే. వరస నాకు తెలుసనుకుని ఒకదాన్ని ఫార్మాట్ చేశాను. అది నాన్నది. దానిమీదే పాత విండోస్ ఎక్కింది.

తిథి సరిగ్గానే వచ్చింది, క్యాలెండర్లో ఉన్నదే.

సంవత్సరీకం రోజు ఆండర్సన్‌పేట నుంచి వచ్చిన అక్క, భోజనాలయ్యాక నా పక్కన కూర్చుంది. "నాయన మాట ఒకతూరి పెట్టప్పా. విని శానా దినాలైంది."

"లేదక్కా. నేనే తుడిచేసినాను."

అక్క లేచి ఒక నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. తర్వాత, "నాకు గ్యాపకముండేది చెప్తా, రాసుకో" అంది.

రాసుకున్నాను. ఒక పేజీ కూడా నిండలేదు.