కొబ్బరి చెట్టు మీద ఆగిపోయిన కథ

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో మా పత్రిక నన్ను అమలాపురం డెస్కుకు బదిలీ చేసింది. హోదా సీనియర్ సబ్ ఎడిటర్. జిల్లా వార్తలు దిద్దడం అసలు పని. కథల మీద నాకున్న పిచ్చి తెలిసి, దీపావళి ప్రత్యేక సంచికకు కోనసీమ కథలు ఎంపిక చేసే బాధ్యత కూడా అంటగట్టారు. పైకి విసుక్కున్నానే గానీ, లోపల ఎగిరి గంతేశాను.

సెప్టెంబరులో ఒకరోజు, రాజోలు దగ్గర ప్రాథమిక పాఠశాలలో టీచరుగా పనిచేసే కరుణ గారు ఒక కథలో సగం తెచ్చారు. పూర్తికాని కథ చదవకూడదని డెస్కులో నా నియమం. మొదటి పేరా మీద కన్ను పడగానే ఆ నియమం గాలికి పోయింది. ముప్పై ఏళ్లుగా కొబ్బరి దింపు పని చేసిన మనిషి ఒక ఉదయం చెట్టు సగంలో భయం పట్టుకుని ఆగిపోతాడు. పైకి ఎక్కలేడు, కిందికి దిగలేడు. కింద ఊరంతా చేరి తలో సలహా అరుస్తుంటారు. మూడు పేజీలు ఊపిరి బిగబట్టి చదివాను. అలాంటి కథ దొరికిన రోజు సబ్ ఎడిటర్‌కి ఆకలి కూడా వేయదు.

నాలుగో పేజీ నుంచి కథ నీరుగారిపోయింది. చెట్టు మీది మనిషి ఉన్నట్టుండి ప్రార్థన మొదలెట్టాడు. తర్వాత కార్మికుల బీమా గురించి ఆలోచించాడు. ఆపైన కూతురి పెళ్లి గురించి. ఇదేమిటని అడిగితే ఆవిడ మొహమాటపడుతూ చెప్పారు.

"మూడు పేజీలు రాసి, ఎలా ముగించాలో తెలీక అందరికీ చూపించేనండి. ప్రార్థన పాస్టరు గారు పెట్టమన్నారండి. బీమా సంగతి మా హెడ్మాస్టరు గారు చెప్పేరు. పెళ్లి మా పిన్నిగారి సలహా అండి. అంత శ్రద్ధగా చదివి చెప్తే, కాదంటే ఏం బావుంటుందండీ?"

మా వైపు మర్యాద అలాంటిది. విస్తట్లో వడ్డించింది వద్దనం. సలహా అయినా అంతే.

నేనేమైనా తక్కువ తిన్నానా? ఆ మనిషి చెట్టు మీంచి పడిపోతే కథకు బలం వస్తుందని ఉత్సాహంగా చెప్పి పంపాను. వారం తిరిగేసరికి కథ వచ్చింది. మనిషి పడిపోయాడు, అచ్చంగా నేను చెప్పిన మాటల్లోనే. ప్రార్థన, బీమా, పెళ్లి ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఫోన్ చేసి, కథ మీకెలా ఉందని ఆవిణ్ణే అడిగాను.

"ఆయన మా నాన్నగారండి. పడలేదండి. ఆ రోజు నుంచి ఊళ్లో పిరికోడని నవ్వుతుంటారు. ఆయనకి చదువు రాదండి, సంచికలో వస్తే నేనే చదివి వినిపించాలి. ఈ ముగింపు ఆయన ముందు ఎలా చదవనండీ?"

ఒళ్లు మండింది, నా మీద నాకే. మరి ఎలా దిగారని అడిగాను.

"అరిచి అరిచి అందరూ అన్నాలకి పోయేరండి. అప్పుడు దిగేరు, మెల్లిగా. అదీ ఓ ముగింపేనా అని రాయలేదండి."

కుర్చీలోంచి దిగ్గున లేచాను. అదేనమ్మా కథ అని అరవబోయి ఆగాను. నేను ఒక్క మాట అన్నా మళ్లీ నా కథే వస్తుంది. సంచిక పేజీలు ఆ శనివారం మధ్యాహ్నానికల్లా ప్రధాన కార్యాలయానికి పంపాలి. పేజీ నమూనా గీసుకునే కాగితాన్ని మేము డమ్మీ అంటాం. అందులో ఒకటిన్నర పేజీ ఆవిడ కోసం ఖాళీ ఉంచాను. ఆలస్యమైతే అక్కడ ఇంకొకరి కథ పడుతుంది. ఆవిడకు ఒక్కటే చెప్పాను: చివరి వాక్యం రాసేదాకా ఎవరికీ చూపించొద్దు, నాక్కూడా.

శనివారం పదకొండు గంటలకు రాజోలు బస్సు దిగి వచ్చారు. ఆరు పేజీలు. ప్రార్థన లేదు, బీమా లేదు, పెళ్లి లేదు. కింద అందరూ వెళ్లిపోయాక ఆ మనిషికి తన ఊపిరి తనకు వినపడుతుంది. అప్పుడు ఒక కాలు కిందికి జరుపుతాడు. ఎర్ర పెన్నుతో మూడు వాక్యాల కింద గీత గీశాను. రెండింటికి "ఆయ్, తీసేద్దామండి" అన్నారు. మూడోది చిట్టచివరిది. కిందికి దిగిన మనిషి, అన్నం చల్లారిపోతోందని గబగబా ఇంటికి నడుస్తాడు. అది ముగింపును పలచన చేస్తోందన్నాను.

ఆవిడ కాగితం తన వైపు లాక్కున్నారు. "మీరు చెప్పింది బావుందండి. కానీ అది తియ్యనండీ."

సంతోషం పట్టలేకపోయాను. కథ అలాగే పంపాను, గడువుకు పది నిమిషాల ముందు. సంచిక వచ్చాక ఆవిడ నాన్నగారు రెండుసార్లు చదివించుకున్నారట. రెండోసారి ఇరుగుపొరుగును కూడా పిలిపించారట.

ఆ తర్వాత సగం కథతో వచ్చిన ప్రతి ఒక్కరినీ, నేను చెప్పినదాన్ని కాదనగలరా అని ముందే అడిగేవాణ్ణి. కాదనగలమన్న వాళ్ల కథ సగమే ఉన్నా చదివాను. మిగతావాళ్లను పూర్తిచేసి రమ్మన్నాను.