రాక్షసుడు వేసుకోని చెంపలు

పోయిన శనివారం మేడ్చల్‌లోని మా సత్సంగంలో పిల్లలు నాటకం సాధన చేస్తున్నారు. కండ్లకోయలో ఇంజనీరింగ్ చదివే అమ్మాయి నా చెవిలో, "ఆంటీ, నాకు రాక్షసుడు చెప్పేదే కరెక్టనిపిస్తోంది. పాపమా?" అంది. నవ్వి ఊరుకున్నాను. మనసు మాత్రం తొంభైల నాటి గౌడవెల్లికి, మా నాయిన తమ్ముడి దగ్గరికి పోయింది.

అక్కడ మా భజన మండలి ఏటా ఉత్సవాలకు పంతులుగారు సొంతంగా రాసిన నాటకం ఆడేది. రాక్షసరాజు వేషం చిన్నాయినదే. ఫ్యాక్టరీలో బస్తాలు మోసే ఆయన అరిస్తే ముందు వరస పిల్లలు వెనక్కి జరిగేవారు. పుస్తకం పట్టుకుని మాట అందించడం నా పని. "కాలువ తవ్వింది మేము. నీళ్లు పంచే చెయ్యి మీది కాబట్టే మీరు దేవతలయ్యారు, మేము రాక్షసులమయ్యాం" అనే చోటికి రాగానే నాకు లోలోపల ఔననిపించేది. వెంటనే భయపడి నామం జపించుకునేదాన్ని.

ఆట అయ్యాక, రంగు కడుక్కోకముందే, రాక్షస వేషధారి కిరీటం దేవుడి ముందు పెట్టి, "ఆడిన మాటలు నావి కావు" అని చెంపలేసుకోవాలి. అప్పుడే తీర్థం. అది మా మండలి ఆనవాయితీ. పొద్దుటినుంచి ఉపవాసమున్న మనిషికి ఆ తీర్థమే మొదటి చుక్క.

ఒక ఏడు, తాగడానికి నీళ్ల కుండ పెట్టించమని అడిగినందుకు ఫ్యాక్టరీలో చిన్నాయిన జతగాణ్ని పనిలోంచి తీసేశారు. అదే వారం ఆట. సాయంత్రం ఆట అయ్యాక కిరీటం దేవుడి ముందు పెట్టి చిన్నాయిన ఊరికే నిలబడ్డాడు.

"ఏందిరా, చెంపలేసుకో" అన్నారు పంతులుగారు.

"ఆటల దేవతల యజ్ఞం చెడగొట్టినందుకు వందసార్లు ఏసుకుంట అయ్యా. గా కాలువ ముచ్చటకు ఏసుకోను. గది తప్పెట్లయితది?"

"రంగు నెత్తికెక్కింది!" అన్నారెవరో. "జల్దీ కానీయ్ బిడ్డా, పులిహోర సల్లగయితాంది" అంది మా అవ్వ.

పంతులుగారు నావైపు తిరిగారు. "శ్లోకాలన్నీ నోటికొచ్చిన పిల్లవు, నువ్వే చెప్పు. అది దేవుడు మెచ్చే మాటేనా? ఔనంటే ఇప్పుడే తీర్థమిస్తా."

అందరూ నన్నే చూశారు. "రాక్షసుడి మాటే" అన్నాను.

"పోరిని పరేషాన్ జేయకుండ్రి" అని నవ్వి, చిన్నాయిన రంగుముఖంతోనే, తీర్థం లేకుండానే వెళ్లిపోయాడు. మళ్లీ మండలి గడప తొక్కలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు.

నా నమ్మకం అప్పటికంటే ఇప్పుడు గట్టిది. అందరిలోనూ ఉన్నది దేవుడేనని ఆ రోజుల్లోనూ వల్లించేదాన్ని. ఆ అందరిలో కాలువ తవ్వినవాళ్లూ ఉన్నారని నాకు అర్థమయ్యేసరికి చిన్నాయిన లేడు. ఆయన ఒక్క సాయంత్రం చెప్పిన మాట నా దాకా రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.