కాలర్‌కు ఎంత?

ఫ్యాక్టరీ పెట్టాలంటే ఎకరాల స్థలం కావాలనుకునేవాళ్లు అమీర్‌పేటలో రాజనర్సయ్య దుకాణాన్ని చూడలేదన్నమాట. మైత్రీవనం వెనక సందులో, పదడుగుల గదిలో, మూడు కుట్టుమిషన్లతో ఆయన ఫ్యాక్టరీ పెట్టేశాడు.

సిరిసిల్ల నుంచి వచ్చి చొక్కాలు కుట్టి బతికిన మనిషి. రెడీమేడ్ చొక్కా ఆయన కుట్టుకూలి కన్నా చవకైపోయాక, కొన్న ప్యాంట్ల అంచులు మడిపించుకునేవాళ్లే మిగిలారు. ఇట్లాగే సాగితే దసరాకు షట్టర్ దించక తప్పదు. అప్పుడు కోచింగ్ సెంటర్ మేనేజర్ కామరాజు వచ్చాడు.

“రెండొందల యూనిఫాం చొక్కాలండీ. పంజాగుట్ట గార్మెంట్ కంపెనీవాళ్లు కుట్టుకూలి నూట ఎనభై అంటున్నారు. మీరు తగ్గిస్తే మీకే.”

రాజనర్సయ్య ఫోన్‌లో వీడియోలు చూసి జ్ఞానోదయం పొందాడు. చొక్కా అంతా ఒక్కరే కుడితే ఖర్చట, తలా ఒక ముక్క కుడితే చవకట. బావమరిది బిక్షానికి చేతులు, భార్య చంద్రావతికి కాలర్లు అప్పజెప్పి, మిగతా పనీ పెత్తనమూ తాను తీసుకున్నాడు. స్టాప్‌వాచ్ పట్టుకుని చంద్రావతి వెనక నిలబడ్డాడు.

“పదకొండు నిమిషాలా! కంపెనీల ఆరేనట. జర జల్ది కానియ్యి. మాటలు బంద్.”

పాత గుడ్డముక్కల మీద కుట్టి కుట్టి, మూడు రోజుల్లో ఆమె ఆరుకు దించింది. నడుం పట్టేసినా దించింది. చొక్కాకు నూట డెబ్బై అని లెక్క తేల్చి, ఆయన కామరాజుకు చెప్పేశాడు.

ఆ లెక్క కాగితం చంద్రావతి చదివింది. దారం, కరెంటు, కాజాలు, బిక్షం కూలి అన్నీ ఉన్నాయి.

“కాలర్‌కు ఏం రాయలేదేంది?”

“ఇంటి మనిషివి. నీకు కూలేందే?”

“ఇంటి మనిషినైతే నా నెత్తిమీద గడియారమెందుకు వెట్టిండ్రు? గిట్ల నిమిషాలు లెక్కవెట్టేకాడ కూలి సుత ఇస్తరు. నేను గా కంపెనీకే పోత.”

ఆమె ఉత్తినే అనే మనిషి కాదు. రాజనర్సయ్యకు నిజంగానే భయమేసింది. ముప్పై రూపాయలు కలిపి, స్పీకర్ పెట్టి కామరాజుకు మళ్లీ ఫోన్ చేశాడు.

“రెండొందలా? నిన్ననే కదండీ నూట డెబ్బై అన్నారు! ఇంతలో ఏంటి పెరిగింది?”

“ఏం పెరగలే సార్. మా ఇంటామె కూలి కలుపుడు మర్సిన.”

“ఎప్పటినుంచి మర్చిపోయారు?” అని కామరాజు నవ్వాడు.

చంద్రావతి మిషన్ ఆపి, జవాబు కోసం చూస్తోంది. రాజనర్సయ్యకు సిగ్గేసింది. “పెండ్లయిన కాడ్నుంచి సార్” అన్నాడు.

ఆర్డర్ కంపెనీకే పోయింది. ఆ రెండు వందల చొక్కాలకూ కాలర్లు అక్కడ చంద్రావతే కుట్టింది, నెల జీతానికి.