మేక గుండెలో నీలం ఇంకు

నా చిన్నప్పుడు, నాకు పదేళ్ళ వయసులో, తమ్ముడు పుట్టిన నెలకే పోయాడు. పుట్టుకతోనే గుండెలో లోపముందని గుంటూరు డాక్టరు చెప్పాడు. మా నాయనమ్మ మాత్రం ఆ లోపాన్ని అమ్మ చేతులకు అంటగట్టింది. ఏడో నెల కడుపుతో కల్లంలో మిరపకాయల తొడిమలు తీసిందని, ఆ ఘాటే బిడ్డ గుండెకు తగిలిందని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. తీయమని పంపింది తనేనని మాత్రం చెప్పేది కాదు. నేను నాయనమ్మ కూచిని. అమ్మ చేతి ముద్ద తినడం మానేశాను.

ఒక ఆదివారం, నర్సు చదువు చదువుతున్న పక్కింటి అక్క నన్ను పిలిచింది. మాంసం కొట్టు నుంచి మేక గుండె తెప్పించి పెరట్లో పీట మీద పెట్టింది. దాని మీది ఒక సిరలోకి సూదితో నీలం ఇంకు మెల్లగా ఎక్కించింది. కొవ్వు కింద సన్నటి గీతలు ఒక్కొక్కటే నీలంగా తేలాయి. తర్వాత గుండెను కోసి లోపలి గోడ చూపించింది. సూదిమొనంత రంధ్రాల్లోంచి ఇంకు చుక్కలుగా ఊరుతోంది. కొన్ని సిరలు మరీ చిన్నవని, అవి పెద్ద సిరలో కలవకుండా తిన్నగా గుండె గదిలోకే తెరుచుకుంటాయని చెప్పింది. నాకు భలే ముచ్చటేసింది. అసలు మాట ఆ తర్వాత చెప్పింది.

“బిడ్డ కందిగింజంత కూడా లేనప్పుడే గుండె కట్టుకోవడం మొదలవుద్దే. రెండు నెలలు నిండి చిక్కుడుగింజంత అయ్యేసరికి గదులు ఏర్పడతాయి, సిరలు మొలుస్తుంటాయి. మీ అమ్మ కల్లానికెళ్ళింది ఏడో నెల్లో. ఆమె చేతుల్లో ఏ తప్పూ లేదు. నేను చెబితే మీ నాయనమ్మ గొడవకొస్తది. మీ అమ్మకి నువ్వు చెప్పు.”

పరుగున ఇంటికెళ్ళాను. అమ్మ ముద్దపప్పు అన్నం కలిపి, ఆశ చావక, ఒక ముద్ద నా వైపు చాపింది. నాయనమ్మ గడప మీద కూర్చుని చూస్తోంది. మాట నోటిదాకా వచ్చింది.

“నేనే కలుపుకుంటా,” అన్నాను.

అమ్మ ఆ ముద్దను పళ్ళెంలో పెట్టేసి చేతులు కడుక్కుంది. మళ్ళీ ఎన్నడూ నాకు తినిపించబోలేదు.

నాయనమ్మ పోయాకైనా అమ్మకు చెబుదామనుకున్నాను. ఇన్నేళ్ళూ తెలిసీ ఎందుకు దాచావని అడుగుతుందేమోనని భయపడ్డాను. నా పిరికితనానికి అదో సాకు. అమ్మ మంచానపడ్డాక నేనే అన్నం కలిపి పెట్టేదాన్ని. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, “నీది చల్లని చెయ్యే తల్లీ,” అంది, తన చెయ్యి చల్లనిది కానట్టు.

నేను ఇంకో ముద్ద కలిపి ఆమె నోటికందించాను. అక్క ఆ మాట అమ్మకివ్వమని నా చేతికిచ్చింది. అమ్మ పోయింది, మాట నా దగ్గరే ఉంది.