దుప్పట్లు చూసే మనిషి

ఆ లైన్‌మన్‌ను సెక్షన్‌లో అందరూ దుప్పటాయన అనేవారు. ఆయన దుప్పటి కప్పుకుంటే చలి ఆగదు. అది నారింజ రంగు రబ్బరు దుప్పటి, కరెంటు ఆపకుండా పని చేసేటప్పుడు పక్క తీగల మీద కప్పేది. ముప్పై ఏళ్లు వాటిని కప్పీ తీసీ మోకాళ్లు అరిగిపోయాక, ఇక మనిషిని తీగల దాకా ఎత్తే బకెట్టు బండి ఎక్కవద్దన్నారు. మిగిలింది కింద నిలబడి దుప్పట్లు పరీక్షించడం. రోజూ పొద్దున్నే టార్పాలిన్ మీద పరచాలి, చుట్టాలి, సాగిన చోట పగుళ్లున్నాయేమో రెండు వైపులా చూడాలి. విసుగు పుట్టించే పని. పని మొదలుపెట్టకముందే ఆయనకు ఒళ్లు పులిసిపోయి ఉండేది.

పైకెక్కేది ఆయన బావమరిది. అతనికి పని నేర్పింది కూడా ఈయనే. "ఇది ఆనుకోడానికి పరుపు కాదురా. పొరపాటున చెయ్యి తగిలితే కాపాడుతుంది, అంతే. ముందు నీకు దగ్గరున్న తీగకి కప్పు, తర్వాత దూరానిది. తీసేటప్పుడు దూరానిది ముందు." చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. పోను పోను ఇద్దరి మధ్యా ఒక మర్యాద ఏర్పడింది. ఈయన "బాగుంది" అన్నాడంటే బావమరిది మళ్లీ విప్పి చూడడు. చూస్తే బావను నమ్మనట్టు. చక్కని మర్యాదే గానీ, కరెంటుకు చుట్టరికాలు పట్టవు.

ఆరు నెలలుగా దుప్పటాయన కళ్లకు మసక కమ్ముతోంది. భార్యకు కూడా చెప్పలేదు. బయటపడితే స్టోరు గదిలో కూర్చోబెట్టి మరలు లెక్కపెట్టిస్తారు. ఇంకా రెండేళ్ల సర్వీసుంది, ఎలాగోలా నెట్టుకొద్దామనుకున్నాడు. కళ్లు చేయాల్సిన పని వేళ్లకు అప్పజెప్పాడు. తడిమి చూసి "బాగుంది" అనేవాడు. కాయలు కాసిన ఆ వేళ్లకు సన్నని చీలికేం తెలుస్తుంది? ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు.

ఆ రోజు ఆసుపత్రి వీధిలో పని. లోపల ఆపరేషన్లు జరుగుతున్నాయి, లైను ఆపే వీల్లేదు. పగిలిన పింగాణీ ఇన్సులేటర్ మార్చాలి. ఆయన నాలుగు దుప్పట్లు తడిమి, చుట్టి, పైకి పంపాడు. కాళ్లు పీకుతుంటే బండి మెట్టు మీద చతికిలబడ్డాడు. పైన మొదటి దుప్పటి కప్పడం అయింది. రెండోది సగం విప్పి బావమరిది ఆగిపోయాడు. కాసేపటికి కప్పినదాన్ని కూడా తీసేసి, బకెట్టు కిందికి దించాడు.

"బావా, దీన్ని చూశావా?"

"చూశాను."

"ఇంకోసారి చూడు."

దుప్పటాయన దాన్ని వెలుతురుకు పట్టాడు, కళ్లు చికిలించాడు, వేలు అటూ ఇటూ పోనిచ్చాడు. నారింజ రంగు తప్ప ఏమీ లేదు. బావమరిది దాన్ని రెండు చేతులా సాగదీశాడు. అప్పుడూ ఏమీ లేదు. చివరికి ఆయన బొటనవేలు పట్టుకుని ఒకచోట ఆనించాడు. గోరు చీలికలోకి దిగింది.

"పైకి తీసుకెళ్తుంటే దేనికో గీసుకుని ఉంటుందిలే," అన్నాడు బావమరిది. పాపం, తప్పించుకోడానికి దారి ఇస్తున్నాడు. ఊ అంటే చాలు, రెండేళ్లూ దక్కుతాయి. ఆ ఊ దుప్పటాయన నోటిదాకా వచ్చింది కూడా.

"గీసుకోలేదు. నాకే కనిపించడం లేదురా. ఆరు నెలలైంది."

బావమరిది ఆయన పక్కనే కూలబడ్డాడు. హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆరు నెలలు నన్ను పైకి పంపావు," అన్నాడు.

అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది దుప్పటాయనకు.  ఆయనలో ఉన్న ఓపికంతా దాచడానికే ఖర్చయిపోయింది. ఫోర్‌మన్‌కు తనే ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పి, వేరే దుప్పటి పంపమన్నాడు.

బావమరిది లేచి మిగతా మూడింటినీ టార్పాలిన్ మీద పరిచాడు. దుప్పటాయన ఎదుటే ఒక్కొక్కటీ చుట్టి చూడసాగాడు. ఊరికే ఉండలేక ఆయన, బావమరిది వేసుకునే రబ్బరు గ్లౌజులు చేతిలోకి తీసుకున్నాడు. వాటిలో గాలి నింపి, అంచు చుట్టి బిగించి, చెంప దగ్గర పెట్టుకుంటే ఎక్కడ కారుతోందో తెలిసిపోతుంది.

"ఇవి నేను చూస్తాను. వీటికి కళ్లక్కర్లేదు," అన్నాడు.

బావమరిది మూడో దుప్పటి కూడా చూడడం అయ్యాక దగ్గరికి వచ్చి, ఆయన చేతుల్లోంచి గ్లౌజులు మెల్లగా తీసుకున్నాడు. గాలి నింపి తన చెంపకే ఆనించుకున్నాడు.